పట్టపుకత్తి పెండ్లి

వైశాఖమాసపు సూర్యుడు ప్రజల యింట నున్నదెల్ల పిండుకొనియు తృప్తి నొందని పాలకునివలె గద్దలబండదుర్గపు నెత్తిన నిలిచి బావుల యడుగున మిగిలిన తడిని సైతము వెదకి వెదకి పీల్చుకొనుచుండెను. నలుదిక్కుల నల్లని గుండ్లు కొలిమినుండి యప్పుడే తీసిన యినుపముద్దలవలె సెగలు గ్రక్కుచుండగా నెండిన సెలయేళ్లు ఱాతిపై తెల్లని చారలుగా మాత్రమే మిగిలియుండగా మోడువాఱిన తుమ్మలపై గద్దలు తమ ఱెక్కలనే గొడుగులుగా పట్టుకొని కూర్చుండెను. అట్టి యెండపూట నా దుర్గపు నడిమి యంగణమున క్రొత్త తాటాకుల పందిరియు దానికి వాడుమొగము వేసిన మామిడితోరణములును అమరియుండ వంటశాలనుండి క్రాగిన నేతివాసన కోటగోడల దాటి పోవుచుండెను. ముత్తైదువలు పసుపు దంచుచు పాటలు పాడుచుండిరి. గద్దలు మాత్రము వంటశాలవైపు చూడక పందిరివైపే చూచుచుండెను.

ఆ పెండ్లికి వధువు ఓబమాంబ. ఆమె తండ్రియు దుర్గాధిపతియు నగు కొండమనాయడు గత కార్తికమున వేటకు పోయి యడవిపంది కోఱచేత హతుడయ్యెనని దళవాయి నాగప్ప వచ్చి చెప్పెను. ఆ పంది వెనుకనుండి వచ్చి వీపున బల్లెపుపోటువంటి గాయము చేసి పోవుట కొంత వింతయే యైనను చూచినవాడు నాగప్ప యొక్కడే యగుటచేత పందిపక్షమున మాటాడువారు లేకపోయిరి. దుర్గమునకు మగసంతు లేదు. నల్లసానుదుర్గపు దొరయగు పర్వతనాయడు పదునొకండవ దినపు కర్మ ముగియకమునుపే దూతను పంపి పెండ్లియా ముట్టడియా యని మిక్కిలి మర్యాదగా నడిగించెను. అంతకు ముందటియేడు వానికి ముట్టడియని బదులు చెప్పిన కంపకోనవారి తలలు కోటగోడపై ముగ్గుచిప్పలవలె వరుసగా పేర్చబడియుండుటను బాటసారులెల్ల చూచియుండిరి. ఓబమాంబ తన జనుల తలలను మెడలపైననే యుంచదలచి పెండ్లియని చెప్పెను.

పెద్దదొర తనకంటె చిన్నదొర యింటి పిల్లను చేసికొనునప్పుడు తాను కదలక తన కత్తిని పంపుట ఆ సీమయందలి యాచారము. ఆ కత్తికే కాళ్లు కడిగి దానికే బాసికము కట్టి దాని చెంతనే వధువును కూర్చుండబెట్టి వివాహము జరిపింతురు. వరుడు వంటకు వంకలు పెట్టనివాడును కోపము వచ్చినను తనంతట లేవనివాడును నగుట యట్టి పెండ్లిండ్లయందలి సుగుణమని ముత్తైదువలు తమలోతాము నవ్వుకొనుట కలదు.

జాలకముల గదిలో ఓబమాంబకు కాటుక దిద్దుచున్నది ఆమె మేనత్త చెంచమాంబ. తల్లిలేని యా పిల్లను పెంచి పెద్దచేసినది ఆమెయే. ఒకనాడు నల్లసానుదుర్గపు పెద్దదొర శేషమనాయనికి భార్యయై పోయి మగడు కోటగోడపైనుండి జాఱిపడి చనిపోగా తెల్లచీరతో పుట్టిల్లు చేరిన యిల్లాలు. ఆ జాఱిన దొరకు తమ్ముడే పర్వతనాయడు. విధవ పెండ్లిపందిట కనబడరాదు కావున నామె యా గదిగడప దాటకుండెను.

“అత్తా, నువ్వయితే ఆ ఇంట్లో కాపురం చేసినదానివి. ఎట్లాంటోళ్లు వాళ్లు?”

“మంచోళ్లేనమ్మా. దగ్గులు జ్వరాలు వాళ్లకు రావు. నేనున్నన్నాళ్లు ఆ ఇంట్లో మంచాన పడి సచ్చినోడు ఒక్కడూ లేడు.”

“నవ్వించొద్దు, కాటుక చెదురుతాది.”

“నవ్వు. రేపటినుంచి ఒకర్ని అడిగి నవ్వాల.” చెంచమాంబ కాటుకవ్రేలిని తన చెఱగున తుడుచుకొనెను. “ఇంకోటి చెప్తా ఇను. వాళ్ల బంట్లు దొరకు ఒట్టు పెట్టరు. దొరలు ఉగాదికొకడు మారుతుంటే ఎన్నిసార్లని పెడతారు పాపం? అందుకని తాతలనాడే పట్టపుకత్తి మీద ఒట్టు పెట్టుకున్నారు. అది ఎవరిచేతిలో ఉంటే వాళ్ల మాటే మాట. నా మొగుణ్ణి తోసినోడు ముందు కత్తి లాక్కోని అటెనక తోసినాడు. కింద నిలబడిన బంట్లు పడినాయప్పను చూళ్లేదు. పైకి చూసి కత్తికి దండం పెట్టినారు.”

“ఆ కత్తినేనా ఇప్పుడు పంపేది?”

“పిచ్చిదానా! అది పంపితే దొరతనం పంపినట్లే గదా. ఏదో వంటింటి కత్తికి పట్టుగుడ్డ చుట్టి పంపుతాడు చూడు.”

అంతలో కొమ్ములును తుడుములును మ్రోగెను. మగపెండ్లివారు కోటద్వారము దాటి వచ్చుచుండిరి. దళవాయి నాగప్ప తలపాగా సవరించుకొనుచు గదివాకిట నిలిచి చేతులు జోడించెను.

“అమ్మణ్ణీ, పెండ్లికొడుకు కత్తి ముందర మనోళ్లు మొలకు కత్తులు పెట్టుకోని తిరగడం మర్యాద గాదు. అన్నీ ఆయుధశాలలో పెట్టించి తాళమేసినా.”

“వచ్చినోళ్ల మొలలకు ఉన్నాయే, నాగప్ప మామా?”

“వాళ్లు మగపెండ్లివారు గదమ్మా.”

నాగప్ప తాళపుచెవిని మొలత్రాటికి దోపుకొని పోయెను.

చెంచమాంబ జాలకమునకు కన్నానించి చూచుచుండెను. పట్టుపఱుపుల పల్లకి పందిరిచెంతకు వచ్చి దిగెను. దానిలో నిద్రించు పామువలె నొక నిడుపాటి కత్తి పరుండియుండెను. ఆమె చేతిలోని కాటుకబరిణ నేలబడి దొర్లిపోయెను.

“ఓబీ, అదేనే! పిడికి సింహం తలకాయ, ఎడమకంటికి కెంపు లేదు. ఆ పొద్దు నేను అడ్డంపడి లాక్కోబోతే నా గోటికి ఊడిపోయింది. అదేనే తల్లీ, పట్టపుకత్తి.”

“పంపడంటివి గదా?”

“పంపలేదు. దాంతోనే మా మరిదే వచ్చినాడు. ఆ గొడుగు పట్టినోణ్ణి చూడు. బోయీగుడ్డ కట్టినాడు, మీసం గొరిగించినాడు, గొడుగు పట్టడం మాత్రం నేర్సుకోలేదు. కత్తికి పట్టాల్సిన నీడ తన తలమీదనే పట్టుకున్నాడు.”

ఓబమాంబ చూచెను. గొడుగు నిజముగనే వంకరగానుండెను. క్రింద కత్తి యెండలో మెఱయుచుండ సేవకుడు చల్లగా నిలిచియుండెను.

“పెండ్లికి దాంకోని రావడమెందుకత్తా?”

“పెండ్లికి గాదు, కోటకు. కత్తి ముందర లేందే వాళ్ల బంట్లు ఒక్కడూ కదలడు. అందుకని దాన్ని తెచ్చినాడు. దాన్ని ఇంకొకడి చేతికియ్యలేడు, అందుకని తానూ వచ్చినాడు. తలంబ్రాలకు తుడుములు గట్టిగా మోగుతాయి గదా. అరుపులు ఇనబడవు.”

ద్వారమునొద్ద నల్లసానుబంట్లు అప్పటికే గుంపుగా నిలిచియుండిరి. వారికి పానకము పోయుచున్న ముదుసలి తలారి గంగన్న యొడల నొక్క చుఱకత్తియైనను లేదు. దుర్గపు భటులందఱు తలపాగాలలో పూలు తుఱుముకొని వట్టిచేతులతో నవ్వుచు తిరుగుచుండిరి. తప్పించుకొను త్రోవ లేదని యా వధు వొక్క చూపుననే గ్రహించెను. ఆమె జాలకమునుండి కన్ను తీయకయే మెల్లగా నడిగెను.

“ఆ కత్తి ఎంత బరువుంటాది?”

చెంచమాంబ కోడలి మొగము తేఱిపాఱజూచెను. “రెండు చేతులా పట్టుకో. మీ మామ ఒంటిచేత్తో తిప్పుతానని గొప్పలు పోయి రేత్రికి భుజానికి నూనె రుద్దించుకుంటుండె.”

పురోహితుడగు వామనభట్టు సకలశాస్త్రపారంగతుడే యైనను కత్తిపెండ్లి చేయించుట యదియే మొదలగుటచేత కాళ్లు కడుగు ఘట్టమునొద్ద చిక్కుపడెను. కత్తికి మొనవైపు కాళ్లా పిడివైపు కాళ్లా యని యతడు చెంబు పట్టుకొని విచారించుచుండ గొడుగుపట్టినవాడు విసుగుకొని సేవకులకు తగనంత గట్టిగా “మొనవైపయ్యా, పిడికి తలకాయుండేది కనబడలా?” అనెను. తండ్రిస్థానమున కన్యాదానము చేయవచ్చిన నాగప్ప వంగి మొనను పళ్లెరమున నుంచి కడుగుచుండ బొటనవ్రేలు తెగి పళ్లెరపు నీరు ఎఱ్ఱనయ్యెను. ఆనాటి నెత్తురున మొదటి బొట్టు వానిదే. ఓబమాంబ తలవంచుకొని దానిని చూచుచుండెను. సిగ్గుపడుచున్నదని ముత్తైదువలు మెచ్చుకొనిరి.

కత్తిపిడిపై జీలకఱ్ఱబెల్లము నుంచిరి. మంగళసూత్రమును సింహపుతలకు తాకించి యొక ముత్తైదువ వధువు మెడను కట్టెను. వామనభట్టు వధువు పైటచెఱగున వక్కయు పసుపుకొమ్ము నుంచి దానిని తెచ్చి కత్తిపిడికి బిగియ ముడివేసెను. పదికాలములు విడిపోరాదను శుభాకాంక్షతో నతడు వేసిన యా కొంగుముడి మిక్కిలి గట్టిది. గొడుగుపట్టినవాడు దానిని చూచెను కాని ఆడుదాని చీరచెఱగు రాజకార్యములకు అడ్డువచ్చునని వాని వంశమున నెవ్వరును వానికి చెప్పియుండలేదు.

తలంబ్రాల పళ్లెరము వచ్చెను. ఓబమాంబ దోసిట బియ్యము పట్టుకొనెను. తుడుములు ఒక్కపెట్టున మ్రోగెను.

ఆ మ్రోతయే సంకేతముగా ద్వారమునొద్ద పానకము త్రాగుచున్న బంటొకడు చెంబును క్రిందనైనను పెట్టక రెండవచేత చుఱకత్తి దూసి తనకు పోయుచున్న గంగన్న కంఠము కోసెను. ముసలివాడు తెగిన గొంతుకను చేతితో మూసికొని పానకపుకాగుపై బోర్లపడగా కాగు పగిలి బెల్లపునీరును నెత్తురును ఏకమై పందిరిగుంజల మొదళ్లకు ప్రవహించెను. పూలు ముడిచిన తలలు పూలతోనే నేలరాలెను. కత్తులు లేని భటులు పీటలును కడవలును పందిరివాసములును పెఱికికొని కొట్టిరి. రోకలి చేతికి దొరకిన వంటవాడొకడు ఇద్దఱి కపాలములు పగులగొట్టి మూడవవాని యీటెకు గుచ్చబడి యా రోకలిని విడువకయే ప్రాణము విడిచెను. పసుపు దంచిన చేతులు మణికట్టులకు తెగి పసుపులోననే పడెను. తుడుములు వాయించువారికి కారణము తెలియక తమ వాద్యమునకే జనము కేకలు వేయుచున్నారని తలచి మఱింత జోరుగా వాయించిరి.

నాగప్ప తాళపుచెవిని పైకెత్తి చూపుచు నల్లసానుబంట్లవైపు పరువెత్తెను.

“నేనప్పా, నాగప్పను! మీవాణ్ణి!”

“తెలుసులే” అని యొక బంటు వాని నడుమును మొలత్రాటితో సహా నఱకెను. రెండవవాడు వంగి తాళపుచెవిని తీసికొని తుడుచుకొనెను. అడవిపంది కథకు సాక్షియనువా డింక లోకమున లేకపోయెను.

గొడుగుపట్టినవాడు గొడుగు పాఱవైచి బోయీగుడ్డ విప్పి పర్వతనాయడై నిలిచెను. వాడు నవ్వుచు వంగి పీటమీది పట్టపుకత్తిని తీయబోయెను. పిడి వ్రేళ్లకు తగులుచుండగనే కత్తి వాని చేతినుండి జాఱి పోయెను. ఓబమాంబ దోసిలిలోని తలంబ్రాలు వాని కన్నులలో కొట్టి లేచి కొంగును రెండుచేతుల వెనుకకు లాగెను. వామనభట్టు వేసిన ముడి విడలేదు. కత్తి పీటపైనుండి యీడ్వబడి వచ్చి ఆమె కాలిపిక్కను చీల్చుచు చేతికి చిక్కెను.

“కూచో పెండ్లికూతురా!” అని పర్వతనాయడు కన్నులు తుడుచుకొనుచు గద్దించెను. “తల్లిలేని పిల్లవని చూస్తుండా. మగోళ్ల పనిలోకి రావాకు.”

ఆమె కత్తిని రెండుచేతుల నెత్తి కట్టెలు కొట్టుదానివలె దింపెను. గురి తప్పెను. వ్రేటు మెడకు పోవలసినది చాచిన చేతిపై పడగా తెగిన వ్రేళ్లు తలంబ్రాలలో చెదరెను. వాడు నొప్పికంటె నాశ్చర్యముచేత గర్జించి మిగిలిన చేత కొంగు పట్టుకొని చుట్టలు చుట్టుచు నామెను దగ్గఱకు లాగి యా చీరతోనే గొంతు బిగింపసాగెను. ఆమె కన్నులు తేలిపోవుచుండెను. మొన యెచ్చటనున్నదో ఆమెకు తెలియలేదు. తన బరువంతయు పిడిపై మోపి ముందునకు పడెను. వాడు లాగినకొలది కత్తి వాని కడుపులోనికే పోవుచుండెను. ఇంక లాగరాదని వాడు గ్రహించునప్పటికి వెన్నువైపు మొన కనబడెను. ఇరువురును పీటలపై గూలిరి. పీట క్రింద తల దాచుకొనియున్న వామనభట్టు రామనామము మఱచి కుయ్యో యని యఱచెను.

అప్పుడు చెంచమాంబ గడప దాటి వచ్చెను. పర్వతనాయడు వెల్లకిల పడి నోట నెత్తుటినుఱుగులతో ఆ తెల్లచీరను గుర్తించెను.

“వదినా, నీళ్లు...”

“మీ యన్న గూడా గోడకింద ఇదే అడిగినాడు మరిదీ. నాకు ఇనబడింది. నువ్వు నన్ను కిందికి దిగిపోనియ్యలా.” ఆమె వాని ప్రక్కను కూర్చుండి వాని తలపై చేయి వైచి యూపిరి నిలుచువఱకు నట్లే చూచుచుండెను. నీరు మాత్రము తేలేదు.

చుట్టును హత్యాకాండ యింకను జరుగుచునే యుండెను. ఓబమాంబ వాని వక్షముపై కాలూది కత్తిని పెఱికెను. కొంగుముడి యింకను దానిని పట్టుకొనియే యుండెను. ఆమె పెండ్లిపీట నెక్కి పట్టపుకత్తిని నెత్తిపై నెత్తి గొంతు చీలునట్లు కేక వేసెను.

“ఆపండి!”

దగ్గఱివారు ముందు చూచిరి. తరువాత వారి వెనుకటివారు చూచిరి. నల్లసాను సేనకు పెద్దయగు నెఱసినమీసాల బసివప్ప యొక భటుని జుట్టుపట్టి మెడపై కత్తి యానించియుండెను. అతడు దొర శవమును చూడలేదు. సింహపుతలను చూచి ఎడమకంటి గుంటను గుర్తించి జుట్టు విడిచి మోకరిల్లెను.

“ఆనతియ్యి దొరసానీ.”

ఒక పడుచుబంటు పకపక నవ్వెను. “ఏంది బసివప్ప మామా, ఆడదానికి దండమా?”

“కత్తికిరా” అని బసివప్ప మోకరిల్లినచోటినుండియే వాని కాళ్లు నఱకి పడినవాని గొంతున పొడిచెను. అటుపిమ్మట నెవ్వరును నవ్వలేదు. ఒకరివెనుక నొకరు మోకరిల్లిరి. వాద్యములు నిలిచిపోయెను. ఆ నిశ్శబ్దమున గాయపడినవారి మూలుగులును పొయ్యిమీద మాడుచున్న పాయసపు చిటపటలును మాత్రము వినబడెను.

ఓబమాంబ ద్వారమువైపు చూచెను. గంగన్న పానకపు పెంకుల నడుమ పడియుండెను. ఆమెను చిన్ననాడు భుజముల నెక్కించుకొని బురుజులన్నియు త్రిప్పినవాడు అతడే.

“నా తలారిని కోసినోడు ఎవరు?”

“నేనే దొరసానీ” అని యొకడు ముందునకు వచ్చెను. బహుమానము వచ్చునని వాని మొగమున స్పష్టముగా కనబడుచుండెను.

“నరకండి.”

ఆమె నోటినుండి ఆ మాట వెలువడినంతనే వాని చెంతనే నిలిచినవారు, ఉదయమున వానితో గూడి యంబలి త్రాగినవారు, వానిని ముక్కలు చేసిరి. ఎవ్వని మొగమునను కోపము లేదు. జాలియు లేదు. పని ముగించి వారు మరల ఆమె చేతివైపు చూచిరి. గద్దలబండవారు జయజయధ్వానములు చేసిరి కాని ఓబమాంబకు వెన్నున చలి పుట్టెను. వైశాఖపు టెండ ఆ చలిని తాకలేకపోయెను.

వామనభట్టు పీట క్రిందినుండి పాకి వచ్చి పంచె దులుపుకొనెను. వధువునకు పసుపుకుంకుమల సంగతి యేమని ముత్తైదువ యొకతె యేడ్చుచు నడుగగా అతడు శవమును చూచి కత్తిని చూచి శాస్త్రములన్నియు మనసున తిరుగవేసి తుదకు ప్రాణభయముతో గూడిన విద్వత్తుతో తీర్పు చెప్పెను.

“వివాహము కత్తితో గదా జరిగింది. కత్తి క్షేమంగా ఉంది. చచ్చినాయన ఎవరో గొడుగు పట్టినాయన. దీర్ఘసుమంగళీ భవ!”

చెంచమాంబ రాగిబిందెతో నీళ్లు తెచ్చెను. ఆమె కన్నులు తడిగానుండెను.

“ఓబీ, చేతులు కడుక్కోవే. పారాణేదో నెత్తురేదో తెలియకుండా ఉండాది. ఆ కత్తి ఇటియ్యి, నేను పట్టుకుంటా.” అని యఱచేయి చాచెను.

ఆ చేయి ఓబమాంబ యెఱుగనిది కాదు. తల్లిలేని నోటికి ముద్దలు పెట్టినదియు జడలు వేసినదియు జ్వరములందు నుదుట తడిగుడ్డ వేసినదియు నదియే. ఆమె యీయదలచెను. కత్తిని ముందునకు చాచెను కూడ. వ్రేళ్లు మాత్రము విడలేదు. అంగణమంతట మోకరిల్లిన బంట్లలో నొక్కడును వారి మొగములను చూచుటలేదు. ఆ రెండుచేతుల నడుమ మిగిలిన జానెడు బయలునే అందఱును రెప్పవేయక చూచుచుండిరి.

చెంచమాంబ ఆ వ్రేళ్లను చూచి బంట్లను చూచి కోడలి కన్నులలోనికి చూచి నవ్వెను.

“మెట్టినింటి బుద్ధి అప్పుడే పట్టుబడిందే తల్లీ!”

“అట్లా గాదత్తా...”

“కాదులే” అని యామె చేయి వెనుకకు తీసికొనెను. కొంచె మాలస్యముగా తీసికొనెనని ఓబమాంబకు తోచెను. అది నిజమో యెండవలని భ్రాంతియో యెవ్వరు చెప్పగలరు?

ఓబమాంబ కత్తిని ఎడమచేతికి మార్చుకొని కుడిచేయి చాచెను. మేనత్త నీరు పోసెను. ఆ చేయి తెల్లబడగా కత్తిని దానికి మార్చి ఎడమచేయి చాచెను. అదియు తెల్లబడెను. అంతలో పిడినంటిన నెత్తుటిచేత కడిగిన కుడిచేయి మరల నెఱ్ఱనయ్యెను. ఆమె కత్తిని మార్చి మరల కుడిచేయి చాచెను. చెంచమాంబ నీరు పోయుచునే యుండెను. రాజ్యము చేపట్టినవారికి రెండుచేతులు నొక్కమాఱే శుభ్రముగానుండుట యెట్లో ఆ యిరువురిలో నెవ్వరికిని తెలియలేదు. బిందె తేలికయగుచుండెను. బావులలో నీరు తక్కువ.